సామేల్ మాస్టర్ మీది స

మిల్లీమీటరులో నూరో వంతులు మూడు. పంతొమ్మిదేళ్లుగా నేను మోస్తున్న బరువు మందం అంతే. తల వెంట్రుక మందంలో సగం.

పోయిన నెలలో ఒక మంగళవారం పగలు 11 గంటల 35 నిమిషాల వరకు అది అంతేనని నమ్మాను. ఆ నిమిషంలో వికారాబాద్ రైల్వే స్టేషన్‌లో ఉన్నాను. తాండూరులోని మా ఇంటికి అది నా బండి మీటరు ప్రకారం 41.6 కిలోమీటర్లు. రైలు 22 నిమిషాలు ఆలస్యం. నా బెంచీకి అవతలి చివర కూర్చున్న డెబ్బై నాలుగేళ్ల మనిషి చాయ్‌లో బిస్కెట్ ముంచుకునే ముందు నోట్లోంచి రెండు కట్టుడు పళ్ల చిన్న సెట్టు తీసి చేతిరుమాలులో చుట్టి జేబులో వేసుకున్నాడు. పై వరుసలో, సరిగ్గా మధ్యలో, రెండు పళ్ల వెడల్పు ఖాళీ. ఆ ఖాళీ నా పని అని ఇంకో మూడు నిమిషాలకు తెలిసింది.

నా పేరు చెప్పను. పేరు దాచుకుని ఒప్పుకోవడం సగం ఒప్పుకోవడమేనని తెలుసు. మిగిలిన సగం ఆ మనిషి ముందు చెప్పాను, అది చివర్లో వస్తుంది. మీకు మాత్రం జరిగింది జరిగిన క్రమంలో చెబుతాను. క్రమం తప్పితే నన్ను నేను కాపాడుకుంటానేమోనని భయం.

నేను మెకానికల్ డిప్లొమా చదివాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. తాండూరులో ఒక బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో మెషీన్ల మరమ్మతు చూసేవాణ్ణి. బేరింగు ఎంత అరిగింది, షాఫ్టు ఎంత వంగింది అని మైక్రోమీటరుతో కొలిచి రాయడం నా ఉద్యోగం. పెళ్లిళ్ల సీజన్‌లో సెలవు పెట్టి వికారాబాద్ బ్యాండు ఒకదానిలో రెండో క్లారినెట్ ఊదేవాణ్ణి. మొదటి క్లారినెట్ సామేల్ మాస్టర్‌ది. ఆయనది మర్పల్లి దగ్గర ఒక చిన్న ఊరు. ఇంటిల్లిపాదీ కూలి చేసుకునే కుటుంబంలోంచి చర్చి పాటలతో మొదలుపెట్టి, చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లయినా పేరు పెట్టి అడిగే స్థాయికి వచ్చిన మనిషి. నాకు క్లారినెట్ పట్టుకోవడం నేర్పింది ఆయనే.

మా బ్యాండులో ఒక కట్టుబాటు ఉండేది. ఎదుర్కోళ్ల సమయంలో ఆడపిల్లవాళ్లు మేళంతో ఎదురు వెళ్లి మగపెళ్లివారిని పిలుచుకువస్తారు కదా. ఇద్దరు వియ్యంకులు ఒకరివైపు ఒకరు అడుగు వేయగానే డ్రమ్ములన్నీ ఆగిపోవాలి. మొదటి క్లారినెట్ ఒక్కటే, ఆ వాయిద్యంలో అన్నిటికన్నా పైనున్న షడ్జమం అందుకుని, వాళ్లు అలయ్‌బలయ్ అంటూ కౌగిలించుకుని విడిపోయేదాకా ఒకే ఊపిరిలో నిలపాలి. మేము దాన్ని మీది స అనేవాళ్లం. అది తెగితే రెండువైపులవాళ్ల ముఖాలు మాడిపోతాయి. తెగనిచ్చినవాడు మొదటి క్లారినెట్ వదులుకోవాలి. అది బ్యాండు యజమాని పెట్టిన నియమం కాదు. సామేల్ మాస్టరే పెట్టుకున్నది.

ఆ స్వరం గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే నేను చేసింది అర్థం కాదు. గట్టిగా ఊదితే అది రాదు. వేళ్లు సరిగ్గా వేసినా రాదు. పైపళ్లు మౌత్‌పీస్ మీద కదలకుండా ఆనాలి, కింది పెదవి రీడ్‌ను, అంటే మౌత్‌పీస్‌కు బిగించిన పలచని రెల్లు బద్దను, సరైన చోట పట్టాలి, గొంతు లోపల ఆకారం ముందే మారాలి. "స్వరం ముందుగాల చెవుల వినవడాలె, అటెన్క నోట్లకెళ్లి వస్తది" అనేవాడు మాస్టర్. ఇవన్నీ ఉన్నా రీడ్ అంచు పలచబడితే ఆ ఒత్తిడికి అది మూసుకుపోతుంది. కింది స్వరాలన్నీ మామూలుగానే పలుకుతాయి, నిజానికి ఇంకా తేలిగ్గా పలుకుతాయి. మీదిది మాత్రం దిగజారి, కీచుమని తెగుతుంది. పాడైనది పైన తప్ప ఎక్కడా బయటపడదు. ఈ సంగతి నాకు తెలుసు. కొలిచి తెలుసుకున్నాను.

ఎందుకు చేశాను? ఆయన చోటుకు ఆశపడ్డానని చెప్పవచ్చు, అది నిజమే. మా గదిలో ఒంటరిగా ఊదితే పదిసార్లలో ఏడుసార్లు మీది స నాకు పలికేది. ఆ లెక్క ఒకరోజు అందరి ముందూ ఆయనకు చెప్పాను. ఆయన మౌత్‌పీస్ తుడుచుకుంటూ, "కొలుసుడు నీకు మస్తు వస్తది డిప్లొమా, ఊదుడే జర రావాలె" అన్నాడు. బ్యాండంతా నవ్వింది. ఆ రోజు నుంచి డిప్లొమా నా పేరైంది. మాటలో విషం లేదు, ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదా? తెలిసే ఉండాలి. అయితే కొలతతోనే చూపిస్తాను అనుకున్నాను.

ఆయన రీడ్లు ఒక డబ్బాలో, చిన్న అద్దం ముక్క మీద, వంగకుండా, దారంతో కట్టి ఉండేవి. నాలుగు. ప్రయాణాల్లో ఆ డబ్బా మోయడం శిష్యుడిగా నా వంతు. కిందటి పెళ్లి నుంచి అది నా దగ్గరే ఉంది. బొంరాస్‌పేట దగ్గర పెళ్లికి ముందురోజు మధ్యాహ్నం భోజన విరామంలో నేను వాటిని ఫ్యాక్టరీ బల్ల మీద పెట్టి కొలిచాను. అంచు మందం 0.11 మిల్లీమీటర్లు, నాలుగింటిలోనూ ఇంచుమించు అదే. అన్నిటికన్నా సన్నని ఎమరీ కాగితం, అంటే గరుకు కాగితం, తీసుకుని ఒక్కొక్కదాన్ని 0.08కి దించాను. నలభై నిమిషాలు పట్టింది. ఒక్కటి చేసి ఆపి ఉంటే ఆయన రీడ్ మార్చి చూసి, తప్పు రీడ్‌దేనని తెలుసుకునేవాడు. అందుకే నాలుగూ చేశాను. ఇది క్షణికావేశం కాదని మీకు తెలియాలని ఈ వివరం రాస్తున్నాను.

మర్నాడు ఉదయం 10 గంటల 40 నిమిషాలకు ఎదుర్కోళ్లు. మగపెళ్లివారు సరిహద్దు అవతలివాళ్లు, తమలో తాము కన్నడం మాట్లాడుకుంటున్నారు. వియ్యంకులు అడుగు వేశారు. డ్రమ్ములు ఆగాయి. మాస్టర్ మీది స అందుకున్నాడు. నా చేతిగడియారం ప్రకారం ఆయన మామూలుగా పదిహేడు సెకన్లు నిలిపేవాడు. ఆ రోజు మూడో సెకనులో స్వరం జారింది. కీచుమంది. ఆగింది. ఆ నిశ్శబ్దంలోకి నేను నా క్లారినెట్‌తో ప్రవేశించాను. సిద్ధంగా ఉన్నాను కదా. పలికింది. పదకొండు సెకన్లు నిలిచింది. ఎవరో నా భుజం తట్టారు.

అన్నాల వేళ మాస్టర్ షామియానా వెనక మిగిలిన మూడు రీడ్లూ ఒకటొకటిగా పెట్టి చూశాడు. నాలుగింటిదీ ఒకటే తీరు. అప్పుడు వేలితో తన ముందు పళ్లు కదిపి చూసుకుంటూ నన్ను అడిగాడు.

"నాలుగు రీడ్లు ఒక్కపారే ఖరాబు గావు గద. నా పండ్లేనా ర? జర కదుల్తున్నయ్. గందుకే పట్టు దొరుకుతలేదా?"

"గదే అయ్యుంటది మాస్టర్" అన్నాను.

మూడు మాటలు. ఆయన తలాడించి, రీడ్లు నాలుగూ నా చేతిలో పెట్టాడు. "నీకన్న పనికొస్తయ్" అన్నాడు.

వాటి అంచు మీద గోరు పెట్టి చూసి ఉంటే ఆయనకు తెలిసేది. తప్పు తనలో వెతుక్కునే మనిషి రీడ్ మీద గోరు పెట్టడు.

ఇంతవరకు నాకు తెలిసినదే. ఇన్నేళ్లూ నేను నాకు చెప్పుకున్న కథ ఇక్కడితో అయిపోయేది: ఆయనకు యాభై ఐదేళ్లు, ఎలాగూ ఒకటి రెండేళ్లలో మానేవాడు, నేను కొంచెం ముందు జరిపాను. నేను ఆరు సీజన్లు ఆయన చోట నిలబడి ఊదాను. సంతోషంగా ఊదాను. పశ్చాత్తాపం స్వరాన్ని చెడగొట్టిందని రాస్తే బాగుంటుంది కాని, అది అబద్ధం. తరువాత ఫ్యాక్టరీలో షిఫ్టులు మారి మానేశాను. బ్యాండు ఆఫీసు నుంచి మాస్టర్ ఇల్లు 1.2 కిలోమీటర్లు. ఒక్కసారీ వెళ్లలేదు.

ఇక ఆ మంగళవారం. బెంచీ అవతల నుంచి ఆయనే నన్ను గుర్తుపట్టాడు.

"ఎవలు, డిప్లొమానా?"

"నేనే మాస్టర్. మంచిగున్నరా?"

"నేను మంచిగనే ఉన్న. పండ్లే ఎల్లిపోయినయ్." నవ్వాడు. ఆ ఖాళీతో నవ్వాడు. "నీకెరికె లేదు గద. గా బొంరాస్‌పేట పెండ్లి అయినంక పద్దెనిమిది దినాలకు దీయించిన. డాక్టర్ వద్దనే అన్నడు. జర కదుల్తున్నయ్ గని ఇంకో పదేండ్లు ఉంటయన్నడు. నేనే బలిమి జేసిన. కొత్తయి పెట్టిచ్చుకుంటె పట్టు గట్టిగ దొరుకుతదనుకున్న. ఏడ. మౌత్‌పీస్ మీద జారుడే జారుడు. మీది స గాదు, కింది స గూడ రాకపాయె."

 చెవుల్లో ఏదో సన్నగా మోగింది. ప్లాట్‌ఫారం మీద మనుషులు నడుస్తున్నారు, పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు.

"పరేషాన్ గాకు" అన్నాడు నా ముఖం చూసి. "అందరు నా మనసు నొవ్వొద్దని గాలి అన్నరు, ఎండ అన్నరు. నువ్వొక్కనివే ఉన్నది ఉన్నట్టు జెప్పినవ్. గది నేను యాదుంచుకున్న."

రైలు వచ్చింది. నేను ఎక్కాను. అంతే. ఏమీ చెప్పకుండా ఎక్కాను. తాండూరులో దిగాక ఇంటికి వెళ్లే దారి రెండుసార్లు తప్పాను, పుట్టి పెరిగిన ఊళ్లో.

పద్దెనిమిది రోజులు. ఆ సంఖ్య దగ్గర నా బుద్ధి ఆగిపోయింది, ఎందుకంటే ఆ పద్దెనిమిది రోజుల్లో నేను చేసిన మూడో పని ఒకటుంది. దాన్ని ఇంతవరకు నాకు నేను కూడా చెప్పుకోలేదు. మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగాయి. మాకు రీడ్లు హైదరాబాద్ నుంచి రావాలి. పెళ్లైన అయిదో రోజు మాస్టర్ ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, నువ్వు పట్నం పోతున్నవట, ఒక కొత్త పెట్టె తెచ్చిపెట్టు, పళ్ల సంగతి తేల్చుకునే ముందు ఒకసారి చూస్తాను అన్నాడు. నేను వెళ్లాను. దుకాణంలో పెట్టెలు వరసగా ఉన్నాయి. కొత్త రీడ్ మీద ఆయన మీది స పలికిందంటే నా పని బయటపడుతుంది. తిరిగి వచ్చి, "దొరకలే మాస్టర్" అన్నాను.

రీడ్లు గీకినప్పుడు ఆయన చోటు మాత్రమే కోరుకున్నాను. పళ్లేనని చెప్పినప్పుడు దొరికిపోకూడదని మాత్రమే కోరుకున్నాను. కాని ఆ పెట్టె? పళ్ల సంగతి తేల్చుకునే ముందు అని ఆయన అన్నాడు. ఆ మాట విన్నాను. తేల్చుకోవడమంటే ఏమిటో అడగలేదు. అడిగితే తెలిసేది. తెలిస్తే తేవలసివచ్చేది. నాకు తెలియదని ఇప్పుడు ఏ నోటితో అనగలను?

పదకొండు రోజుల తరువాత వికారాబాద్ వెళ్లాను. ఆ 1.2 కిలోమీటర్లు నడిచాను. రీడ్లు నాలుగూ నా దగ్గరే ఉన్నాయి, అద్దం ముక్కతో సహా. ఆయన భార్య శాంతమ్మ గారు స్టూలు మీద చాయ్ పెట్టారు. నేను ముట్టుకోకుండా డబ్బా ఆయన చేతిలో పెట్టి, మూడు పనులూ ఇప్పుడు మీకు చెప్పిన క్రమంలోనే చెప్పాను. ఫోన్ సంగతి కూడా. 

ఆయన నన్ను చూడలేదు. ఒక రీడ్ తీసి, పాత అలవాటుగా నాలుకతో తడిపాడు. బొటనవేలి గోరు అంచు మీద నిదానంగా నడిపాడు. చాలాసేపు.

"ఎంత గీకినవ్?"

"మిల్లీమీటరులో నూరో వంతులు మూడు మాస్టర్."

"నాలుగు గూడ?"

"నాలుగు గూడ."

మళ్లీ గోరు నడిపాడు. తరువాత రీడ్ కింద పెట్టి, అరచేయి తన నోటి మీద పెట్టుకున్నాడు.

"అయితె నా నోరు మంచిగనే ఉండె" అన్నాడు.

నాతో కాదు. లోపలికి తిరిగి అన్నాడు. "శాంతా, ఇన్నవా. నా నోరు మంచిగనే ఉండెనట."

ఆవిడ గడప దగ్గరికి వచ్చారు. ఆయనను చూశారు, నన్ను చూశారు. వంగి నా ముందున్న చాయ్ కప్పు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.

నేను ఏదో అనబోయాను. క్షమించమనే అయి ఉంటుంది. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"నీ రైలు ఎన్నింటికి?"

"పన్నెండు నలభైకి."

"పో మరి."

వచ్చేశాను. బరువు దిగిందా అని మీరు అడిగితే, దిగింది. అది దించి ఎవరి ఇంట్లో పెట్టి వచ్చానో తెలుసు కాబట్టి ఆ తేలిక గురించి గొప్పగా చెప్పుకోలేను. ఆయన పంతొమ్మిదేళ్లు తన నోటిని నిందించుకున్నాడు. ఇప్పుడు నిందించుకోవడానికి అది కూడా లేదు.

లెక్క ఇది. పాడైన రీడ్లు నాలుగు. తేని పెట్టె ఒకటి. చెప్పిన అబద్ధాలు రెండు. తీయించుకున్న ముందు పళ్లు రెండు. సామేల్ మాస్టర్ ఊదకుండా గడిచిన పెళ్లిళ్ల సీజన్లు పంతొమ్మిది. వాటిలో ఆయన చోట నేను ఊదినవి ఆరు.

నా పళ్లు అన్నీ ఉన్నాయి.