జనరేటర్ మూత మీద లక్క

మా ఇంటి కింద లక్క గాజుల కార్ఖానా ఉంది. పత్రిక ఉద్యోగం మానేశాక పొద్దుటి చాయ్ నాకు అక్కడే. యజమాని నా ఈడువాడే. తరాలుగా పాతబస్తీలో వ్యాపారం చేస్తున్న కుటుంబం. మంచి మనిషి, కానీ ఎవరినీ నమ్మడు. కార్ఖానా మూసేటప్పుడు తాళానికి గుడ్డ చుట్టి, దానిమీద లక్క కరిగించి పోసి, వేలి ఉంగరంతో ముద్ర వేస్తాడు. వాళ్ల నాన్నా అలాగే చేసేవాడట.

కరెంటు పోతే లైట్లకూ, గాజులకు మెరుగుపెట్టే మోటారుకూ మెట్ల కింద వాకిట్లో ఒక చిన్న జనరేటర్ ఉంది. దాన్ని చూసుకునేది కిషన్‌బాగ్ నుంచి వచ్చే పనివాడు. తన పెళ్లికి ముందు నుంచీ ఇక్కడే పని. ఆయనకొక పాత మోపెడ్ ఉంది. అనుమానం దానితోనే మొదలైంది.

ఆ ఎండాకాలం కరెంటు ఎక్కువగా పోయేది, పెట్రోలు తొందరగా అయిపోయేది. "అన్నా, ఆ మోపెడ్ మన పెట్రోలు మీదనే నడుస్తున్నది" అన్నాడు యజమాని, నా చెవి దగ్గరికి వంగి. ఆయన మాట విన్నాక నేనూ ఆ మనిషిని గమనించడం మొదలుపెట్టాను. చాయ్ గ్లాసు అందించినప్పుడు ఆయన చేతికి పెట్రోలు వాసన. జనరేటర్ చూసేవాడి చేతికి ఇంకే వాసన ఉంటుందని అప్పుడు తట్టలేదు.

యజమాని పెట్రోలు ట్యాంకు మూతకు కూడా లక్క పోసి ముద్ర వేశాడు. ఆ మర్నాటి నుంచే ఇంజిన్ మొండికేసింది. తాడు లాగితే అంటుకునేది, కాసేపు నడిచి, దగ్గి ఆగిపోయేది. తర్వాత ఎంత లాగినా లేచేది కాదు. పనివాడు ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దాడు. బహదూర్‌పురా నుంచి వచ్చిన మెకానిక్ ట్యాంకు తెరిచి, కార్బురేటర్ కడిగి, నడిపించి చూపించాడు. బాగానే నడిచింది. ఆయన వెళ్లగానే యజమాని మళ్లీ ముద్ర వేశాడు, ఇంజిన్ మళ్లీ ఆగింది.

"మెకానిక్ ముందర నడుస్తది, వీని చేతిలకు రాంగనే ఆగుతది. ముద్ర ఏసిన్నని కడుపుమంట" అన్నాడు యజమాని. వచ్చే శనివారం పనిలోంచి తీసేస్తానన్నాడు. ఆ మాట పనివాడి చెవిన పడింది. దొంగ అన్న పేరుతో బయటికి వెళితే మా గల్లీలో ఇంకే కార్ఖానావాళ్లూ గడప తొక్కనివ్వరు.

శనివారం కరెంటు పోయింది. ఇంజిన్ లేచి, దగ్గి ఆగింది. పనివాడు తాడు వదిలేశాడు.

"సేఠ్, అందరి ముందర మూత తెరువు. తక్కువున్నదంటే నేనే పోత."

యజమాని ముద్రను ఉంగరంతో పోల్చి చూశాడు. చెక్కు చెదరలేదు. కత్తితో లక్క గీకి మూత తిప్పాడు. ట్యాంకు గాలిని లోపలికి బుస్సున పీల్చుకున్న చప్పుడు. పెట్రోలు ఉండాల్సినంతా ఉంది. పనివాడు చేతి అలవాటుకొద్దీ తాడు లాగాడు. ఇంజిన్ లేచింది. మేం చూస్తూ నిలబడ్డాం, అది ఆగలేదు.

యజమాని మూత మీద మిగిలిన లక్కను గోటితో గీకుతూ ఉండిపోయాడు. మధ్యలో సూది మొనంత రంధ్రం, దాన్నిండా ఎర్రటి లక్క. మూత నా చేతికిచ్చాడు. నేను పనివాడికిచ్చాను. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"గాలి పోతేనే పెట్రోలు కిందికి దిగేది. లోపలికి గాలే పోనియ్యలే సేఠ్ నువ్వు."

పనివాడు ఉద్యోగంలోనే ఉన్నాడు. కానీ ఇప్పుడు సాయంత్రం ఇంజిన్ కట్టేశాక మూత తీసి, మళ్లీ పెట్టడు. మెట్ల దగ్గరికొచ్చి, "సేఠ్, దిగిరా, చూస్కో" అని పిలుస్తాడు. మోకాళ్ల నొప్పులతో యజమాని దిగి వచ్చి, ట్యాంకులో చీపురుపుల్ల ముంచి చూసేదాకా మూత పనివాడి చేతిలోనే ఉంటుంది.

"నమ్ముతున్న తియ్యి, ఇగ పిలువకు" అన్నాడు యజమాని ఒకరోజు.

"ఇయ్యాల నమ్ముతవ్. రేపు?"

యజమాని పుల్ల ముంచాడు. తిరిగి మెట్లెక్కబోతూ గోడ పక్కనున్న మోపెడ్ వైపు ఒక చూపు చూశాడు. నేను గమనించాను. పనివాడూ గమనించాడు.