గోరువెచ్చని నీళ్ళు

పశువులకు ఎదసూది వేయడం నా పని. బండి వెనక ద్రవ నత్రజని డబ్బా, అందులో గడ్డకట్టిన వీర్యపు గొట్టాలు పెట్టుకుని ఆర్మూర్ చుట్టూ ఊళ్ళు తిరుగుతాను. నాకు కోపం ఎక్కువని రైతులంటారు. అబద్ధమేం కాదు.

ఆలూర్‌లో ఒక అవ్వకు ఇంకా ఈనని పెయ్య ఒకటుంది. రెండుసార్లు సూది వేశాను, రెండుసార్లూ చూలు కట్టలేదు. మూడోసారి ఎదకొచ్చిన పొద్దున ఫోన్ చేసి ఏడ్చేసింది.

“గీసారి కట్టకుంటె అంగట్ల అమ్ముతనంటుండు మా ముసలోడు. తల్లి సచ్చిన దూడ సారూ, సీసతోటి పాలు తాపి సాదిన.”

“మేత సక్కగ ఏస్తున్నవా అసలు?” అని గయ్యిమన్నాను. ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది.

పొద్దున ఎదకొస్తే సూది సాయంత్రానికి కదా అని పశువుల దవాఖానకు వెళ్ళి, అదే రకం గొట్టం ఒకటి కరిగించి మైక్రోస్కోపు కింద చూశాను. కణాలు మస్తుగా ఈదుతున్నాయి. మరి లోపం ఎక్కడ? ఇంతలో ఎవరో చాయ్ తెచ్చారు. స్టీలు గ్లాసు చురుక్కుమంటే వదిలేశాను. అప్పుడు గుర్తొచ్చింది, అలాంటి గ్లాసునే అవ్వ గుప్పిట పట్టుకుని నాకు అందించేది. ఉడికిన పసుపు కొమ్ములు ఏళ్ళ తరబడి వట్టి చేతులతో తోడి, వేడి తెలియకుండా పోయిన మనిషి.

గొట్టం కరిగించేది గోరువెచ్చని నీళ్ళలో. నా థర్మామీటర్ పగిలి నెలలైంది, కొత్తది కొనడానికి బద్ధకించాను. నా చేతికి గ్లవ్ ఉంటుంది కాబట్టి ఎవరింట్లో వాళ్ళనే నీళ్ళు చూడమనేవాణ్ణి. అవ్వ వేలు ముంచి, “గోరెచ్చగనే ఉన్నయ్ సారూ” అనేది.

ఇంకో గొట్టాన్ని చాయంత వేడి నీళ్ళలో వేసి చూశాను. ఒక్క కణం తోకా ఆడలేదు. తోక ఆడాలంటే శక్తి కావాలి, చక్కెరను ఆ శక్తిగా మార్చేవి కణంలోని ఎంజైములు. వేడి ముదిరితే అవి చెడిపోతాయి. ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చిదవుతుందా?

సాయంత్రం కొత్త థర్మామీటర్‌తో వెళ్ళి జరిగింది చెప్పాను. అవ్వ అరచేతులు చూసుకుంది.

“అయితె నా చేతులే సంపినయా సారూ?”

“కాదవ్వా, తప్పు నాది. నేను చూడాల్సిన పని నీకు చెప్పిన.”

నమ్మలేదు. నీళ్ళ గిన్నె నా ముందు పెట్టి, చేతులు కొంగులో చుట్టుకుని దూరంగా నిలబడింది. నీళ్ళ వేడి నేనే చూసుకుని సూది వేశాను.

కట్టకుంటే మళ్ళీ ఎదకొచ్చే ఇరవై ఒక్క రోజులు దాటినా ఫోన్ రాలేదు. మూడు నెలలకు వెళ్ళి పెయ్య లోపల చెయ్యి పెట్టి చూశాను. “కట్టిందవ్వా!” అని అరిచాను. ముసలాయన కూడా నవ్వాడు. అవ్వ మాత్రం దగ్గరికి రాలేదు.

“దాని మీద చెయ్యేస్తె ఏం కాదు గద సారూ? లోపలి పిల్లకు వేడి తగుల్తదేమోనని ఇన్నొద్దులు ముట్టలే.”

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గ్లవ్ తీసేసి చెయ్యి కడుక్కుని, ఆమె చెయ్యి పట్టుకుని పెయ్య పొట్ట మీద నేనే పెట్టాను. ఆ చెయ్యి గరుకుగా ఉంది. నా చేతికంటే చల్లగా ఉంది.