ఇల్లిచ్చి సముద్రం పుచ్చుకున్న అత్త

పెద్దత్త పోయిందని ఫోను వచ్చేసరికి నేను శ్రీకాకుళం కాంప్లెక్సు దగ్గర పిల్లలకి చెప్పులు కొంటున్నాను. పొద్దున్న టీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుందట. పగటిపూట ఈవిడ పడుకోవడమేమిటని మావయ్య అనుమానంగా వెళ్లి చూస్తే అప్పటికే అయిపోయింది. ఇంకో వారంలో అందరం ఆవిడ వెనకాల సముద్రానికి వెళ్లాల్సింది. ఆ చెప్పులు అందుకే కొన్నాను. వాటితోనే పిల్లల్ని పాతపట్నం బస్సెక్కించాను.

అప్పటినుంచి నాకు నిలకడ లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికెళ్లాలో తెలియదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఎన్నిసార్లు కుర్చీలోంచి లేచానో చెబితే నవ్వుతారు.

పెద్దత్త మా నాన్నకి అక్క. పాతపట్నం దగ్గర పల్లెలో కాస్త పొలం, రెండు గేదెలు, మామిడి చెట్ల కింద పెంకుటిల్లు. మా నాన్న శ్రీకాకుళంలో కిరాణా కొట్టులో గుమస్తా. వేసవి సెలవులు ఇవ్వగానే మా క్లాసులో ఒకడు ఊటీ అనేవాడు, ఇంకొకడు తిరుపతి అనేవాడు. మాకు అత్త ఇల్లే ఊటీ. అత్త పిల్లలకి అదీ లేదు, వాళ్లు ఉన్నది అక్కడే కదా.

ఆ సంగతి సంతలో తేలింది. పాతపట్నం సంతకి సముద్రం ఒడ్డు నుంచి ఒకావిడ ఎండుచేపల బుట్టతో వచ్చేది. అత్తా ఆవిడా ఒకరినొకరు ఒదినా అనుకునేవారు. మా పిల్ల గుంటలు సెట్టు కింద పడుకుని ఎరగరు, అంతా ఇసకే అందట ఆవిడ. మా గుంటలు సముద్రం ఎరగరు అంది మా అత్త.

"అయితే మీరు మా ఇంటికెల్లండి, మేం మీ ఇంటికొస్తాం. దీనికింత ఆలోసనేటి?"

ఈ మాట అత్తదే. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే రోజులని సముద్రంలో వేట ఆపేస్తారు కాబట్టి వాళ్లకి తీరుబడి. కోతలు అయిపోయి మాకూ తీరుబడే. ఏటా మేము వాళ్లింట్లో, వాళ్లు అత్త ఇంట్లో. బస్సు చార్జీలు తప్ప ఖర్చు లేదు. బియ్యం, పప్పు, చింతపండు మూట కట్టుకుని వెళ్లేవాళ్లం. బీరువాకి తాళం వేయడం నిషేధం. "తాళం ఏసేస్తే ఇంకేటి ఇచ్చినట్టు?" అనేది అత్త. వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లకి మొదటి పూట అన్నం వండి ఉంచి వెళ్లాలి. ఆ ఎండుచేపల ఆవిడకి మేము పెట్టుకున్న పేరు సముద్రం అత్త.

అందరూ వెళ్లేవారు, మావయ్య తప్ప. ఆయన గేదెల్ని వదిలి రాడు. సముద్రం వాళ్లొచ్చి తన ఇంట్లో ఉంటే సంతోషమే, తను మాత్రం కదలడు. ఒకసారి వాళ్ల చిన్నపిల్ల, దూడ అరుస్తుంటే జాలేసి కట్టు విప్పేసింది. తెల్లారేసరికి గేదె పొదుగులో చుక్క పాలు లేవు. మావయ్య ఆ పిల్లని ఒక్క మాట అనలేదు, రోజంతా నల్ల టీ తాగాడు. అంత మంచివాడు. కానీ రమ్మంటే మాత్రం, "సముద్రం ఎక్కడికి పోతాదే? ఎప్పుడో వస్తానులే" అనేవాడు. అత్తకి ఒళ్లు మండిపోయేది. "ఎప్పుడో అంటే ఎప్పుడు? నాను పోయాకా?" అని బస్సు కిటికీలోంచి కూడా దెబ్బలాడేది.

మా తప్పు ముందు ఆ పిల్ల తప్పు ఏపాటిది! ఒక ఏడాది వాళ్లు వేట ఆపేముందు పట్టిన నెత్తళ్లనే చిన్న చేపలు ఇసకలో పరిచి, కాకులు రాకుండా చూడమని చెప్పి వెళ్లారు. అవి ఎండితేనే ఆ నెలలు వాళ్లకి గడిచేది. సాయంత్రం ఆకాశం నల్లబడింది.

"మబ్బేసిందర్రా! రండి, రండి!"

అత్త కేక వేయగానే అందరం ఎగబడ్డాం. వడ్లు కళ్లంలో ఉండగా మబ్బేస్తే ఏం చేస్తామో అదే చేశాం. చేపలన్నీ గబగబా కుప్ప పోశాం, పైన బరకం కప్పాం, అంచుల మీద రాళ్లు పెట్టాం. వాన పడలేదు. మేము మాత్రం ధాన్యం కాపాడిన రైతుల్లా నిద్రపోయాం. పచ్చి ఆరని చేపలు రాత్రంతా ఆ ఉక్కలో మగ్గి, పొద్దున్న బరకం ఎత్తేసరికి ఊరు ఊరంతా ముక్కు మూసుకుంది. పాకలో పల్చగా పరవాలని మాకెవరు చెప్పారు?

 సముద్రం అత్త భర్త, "ఇంక సాలు. ఎవులింట్లో ఆలుండండి" అన్నాడు. అన్న మాటలో అన్యాయం ఏముంది? మా అమ్మ సిగ్గుతో చచ్చిపోయి ఇంక ఆ గడప తొక్కనంది. అత్త అలా కాదు. "తప్పు సేసినోలు మల్లీ కనపడకపోతే ఆలకి తప్పే గుర్తుంటాది" అంది. ఆ ఏడాదంతా ప్రతి సంతకీ వెళ్లి సముద్రం అత్త బుట్ట పక్కన కూర్చుంది. కాపుల ఇంటి కోడలు ఎండుచేపలు అమ్మడమేమిటని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. అత్త వాళ్లని పిలిచి మరీ చేపలు అంటగట్టింది. వేసవి వచ్చేసరికి ఆ పెద్దమనిషి భార్యతో కబురంపాడు: మీ ఒదినని రమ్మను, మబ్బేస్తే మాత్రం ఏటీ ముట్టుకోవద్దని సెప్పు.

నేను పెద్దయ్యాక, ఎచ్చెర్లలో జిరాక్సు షాపు పెట్టాక, నా పిల్లలకి రిసార్టు చూపించాలని ఫోనులో గదుల రేట్లు చూస్తూ కూర్చున్నాను ఒకసారి. ఒక్క రాత్రి ధర చూసి ఫోను బోర్లా పెట్టేశాను. అత్త నవ్వింది. "ఊరెల్లాలంటే డబ్బులుండాలని ఎవులు సెప్పార్రా నీకు? ఎల్లిన కాడ మనిసుండాల." నా పిల్లలూ ఆవిడ వెనకాలే వెళ్లారు. ఈత నేర్చుకున్నది అక్కడే.

అందుకే పెద్దకర్మ రోజు నా దిగులు ఒకటే. మనిషి పోయింది, సరే. ఆ వేసవులు కూడా పోతాయా? మావయ్య అరుగు మీద నుంచి అందరికీ వినపడేలా చెప్పేశాడు: "ఇంక ఎవులూ రావొద్దు, ఎవులూ ఎల్లొద్దు. అదే లేకపోయాక ఇంకేటుంది?" నా పిల్లలు నా మొహంలోకి చూశారు. నేను పెరట్లోకి వెళ్లిపోయాను.

భోజనాలయ్యాక, ఆయన్ని నిద్రకి ఎవరు తీసుకెళ్లాలన్న మాట వచ్చింది. కర్మ అయ్యాక దగ్గరి చుట్టాలు ఇంటి మనిషిని తమ ఇంటికి తీసుకెళ్లి ఒక రాత్రి నిద్ర చేయించాలి కదా. మా నాన్న నోరు తెరిచేలోగా, ఇంటిల్లిపాదితో కర్మకి వచ్చిన సముద్రం అత్త లేచింది. ఆవిడకీ వయసైపోయింది, మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచింది.

"అన్నా, మా ఇంటికి రా."

"నిద్రకి సుట్టాలు కదా పిలవాల" అన్నారెవరో.

"ఇన్నేళ్లు ఒకలింట్లో ఒకలు పడుకున్నాం. ఇంకెలాగవుతారు సుట్టాలు?"

"గేదెలో?" అన్నాడు మావయ్య. ఆయన దగ్గర ఉన్న ఆఖరి సాకు అదే.

"మా ఓడూ, కోడలూ ఉంటారు. ఇప్పుడు దూడని ఇప్పరులే."

మావయ్య నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు. తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరాడు, వెనకాలే నేనూ పిల్లలూ. వాళ్లవాళ్లు అత్త ఇంట్లో, మేము వాళ్లింట్లో. బస్సు కదిలాక గానీ నాకు తట్టలేదు, ఈ ఏటి వేసవి కూడా మొదలైపోయిందని. పిల్లల ముందే ఏడ్చేశాను.

దారంతా ఆయన కుదురుగా లేడు. కుడితి పెట్టారో లేదో అని ఫోను చేయించాడు, మళ్లీ చేయించాడు. ఊరు చేరేసరికి ఎండ దిగుతోంది. సముద్రం కేసి చూడనే లేదు, నేరుగా ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, అది ఎక్కడ కూకునేది?"

సముద్రం అత్త ఇంటి ముందున్న రాతి మెట్టు చూపించింది. ఆయన వెళ్లి కూర్చున్నాడు. చాలాసేపు అలలకేసి చూశాడు.

"ఇదెప్పుడాగుతాది?"

"ఆగదన్నా."

ఆయన తలాడించి, పై తువ్వాలుతో రాయి మీది ఇసక దులిపి, పక్కన ఇంకొకరికి చోటుండేలా కొంచెం జరిగి కూర్చున్నాడు.