గోడ అవతలి అంతరిక్షం

మా గల్లీల బీడీలు చుట్టే ఆడోళ్లకు ముచ్చట్లు చెప్పేటోణ్ని నేనే. నేను దుకాణం మూసి పగటన్నానికి ఇంటికొచ్చేసరికి, ఒళ్లో చాటలు పెట్టుకొని మా అరుగు మీద వరుసగా కూసునేటోళ్లు. నేనొక జోకేస్తే ఆ నవ్వులకు బాల్కొండ దగ్గర హైవే మీద లారీలు బ్రేకులేసేవి.

గంతలనే మా పక్కింటికి బోధన్ నుంచి కొత్త కోడలొచ్చింది. పెట్టెలో చీరల కన్నా బొమ్మల పుస్తకాలే ఎక్కువ. అన్నిట్ల ఒకటే కథ, హిందీల: అంతరిక్షంలో దారి తప్పిన ఓడ, దాన్ని నడిపే ముసలి కెప్టెనమ్మ. నా పెండ్లికి ముందు మొదలైందట, ఇంకా ఒడవలేదు. ఆ పిల్ల దాన్ని తెలుగుల చెప్పుడు షురూ చేయంగనే చాటలన్నీ గోడ దాటినయి. అందరికన్నా ముందు నా భార్య చాట.

"గా ఓడల ఏమున్నదే?" అనడిగిన.

"నీ ముచ్చట్ల ఏమున్నది? చెప్పిందే చెప్తవు. ఆ పిల్ల రోజుకో గ్రహం చూపెడుతున్నది."

నా కడుపు మంటతోని బోధన్‌ల మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీని మళ్లా నడపొచ్చు.

తప్పులు పట్టి పరువు తీద్దామని గోడకు చెవి ఆనించి కూసున్న. గాలి లేని కాడ జెండా ఎట్ల ఊగింది? దొరికింది తప్పు! మరునాటికి జెండా సంగతే మర్చిపోయిన. ఇంకొన్నాళ్లకు కెప్టెనమ్మ దగ్గుతే నాకు గొంతు పట్టింది. ఒకనాడు ఆమె మరమనిషి ఓడ బయటనే చిక్కుకున్నది, తలుపు మూసుకపోతున్నది, సరిగ్గ అప్పుడే ఆ పిల్ల పుస్తకం మూసింది.

"అరే, తలుపు తీయిండ్రి!" అని గోడ మీంచి ఒర్రిన.

ఒక్కసారి నవ్వు. ఒకప్పుడు నాకు దక్కిన నవ్వే.

"గోడకున్నది బల్లి అనుకున్న గదరా బిడ్డా!" అన్నది చివరింటి అవ్వ.

"వచ్చి కూసో మామా," అన్నది కోడలు.

"ఉత్తగ కాదు, కత్తెర పట్టుకొని రా," అన్నది నా భార్య.

అప్పటి సంది నేనక్కడ బీడీ ఆకు కత్తిరిస్తున్న. చోటు మాత్రం కొసకు. బొమ్మలు కనవడవు. పుస్తకం పక్కన అవ్వ. ఆమెకు హిందీ రాదు, చూపూ ఆనదు, అయినా కెప్టెనమ్మ ముఖం ఆమె ఒళ్లోనే. అవ్వ అదృష్టం తలుసుకుంటే నాకు రాత్రిళ్లు నిద్ర పడతలేదు.

నిన్న గా అవ్వనే అన్నది, "బిడ్డా, నీ పాత ముచ్చటొకటి చెప్పరాదు, నవ్వక శానా దినాలాయె."

"ష్, ఆగవ్వా," అన్న. "ఓడ తలుపు మళ్లా తీస్తున్నరు. ముందుగాల గా పుస్తకం ఇటు తిప్పు."