నీలాంబరి పడుకుంది

చీపురుపల్లి స్టేషను వీధిలో వయొలిన్ నేర్పే కూర్మనాథం గారు నిద్రపోతున్న పిల్లిని లేపరు. ఇల్లు తగలబడినా లేపరు. చప్పుడు కాకుండా మంట ఆర్పి, అది తనంతట తాను లేచి ఒళ్లు విరుచుకునే దాకా పక్కన నిలబడతారు. ఈ మాట ఆయన భార్య త్రిపురసుందరి ముప్ఫై ఏళ్ల కాపురం మీద ఒట్టేసి చెబుతుంది.

పిల్లి పేరు నీలాంబరి. జోలపాటల రాగం పేరు పెట్టినందుకు అది రోజుకు పదహారు గంటలు పడుకుని ఆ పేరు నిలబెడుతోంది. పొద్దున్న ఫ్రిజ్ మీద, ఎండెక్కాక స్కూటర్ సీటు మీద, ముసురు పట్టిన రోజుల్లో బియ్యం డబ్బా మీద. అది స్కూటర్ మీద ఉంటే ఆయన బజారుకు నడిచి వెళతారు. బియ్యం డబ్బా మీద ఉంటే ఇంటిల్లిపాదికీ ఉప్మాయే.

“బియ్యం తియ్యాలండీ, కాస్త దాన్ని దింపండి.”

“చెవి కదిలిస్తోందే సుందరీ. ఇప్పుడే ఏదో కల మొదలైనట్టుంది. ఉప్మా చెయ్యకూడదూ?”

“నిన్నా ఉప్మాయే!”

“నిన్న బాగా కుదిరింది.”

విజయనగరంలో కచేరీ ఉన్న రోజున అది వయొలిన్ పెట్టెలో పడుకుంది. ఆయన వయొలిన్‌ని దుప్పట్లో చుట్టి, చంటిబిడ్డలా ఎత్తుకుని రైలెక్కారు. ఎదుటి సీటులో ముసలమ్మ “ఆడపిల్లా, మగపిల్లాడా బాబూ?” అని అడిగితే ఏం చెప్పాలో తెలియక, “ఇంకా శ్రుతి చెయ్యలేదమ్మా” అన్నారట.

ఇవన్నీ సహించిన త్రిపురసుందరి పలకను మాత్రం సహించలేకపోయింది. నిరుడు వేసవి నుంచి మధ్యాహ్నం ఒంటిగంట కాగానే ఆయన గేటుకు ఒక పలక వేలాడదీస్తున్నారు. ‘నీలాంబరి పడుకుంది. మూడింటి దాకా వయొలిన్ లేదు.’ మహతి అనే శిష్యురాలికి పదిరోజుల్లో డిప్లొమా పరీక్ష. ఈ పదిరోజులూ ఆ పిల్లకు కుదిరేది రెండింటికే, మూడింటికి వాళ్ల ఊరి బస్సు. వరసగా మూడోరోజు కూడా పలక చూసి గేటు దగ్గరే కళ్లనీళ్లు పెట్టుకుంది.

దాంతో త్రిపురసుందరి తేల్చేసింది.

“రేపు సాయంత్రం మా చెల్లెలు యమున వస్తోంది. పిల్లిని పొందూరు పట్టుకుపొమ్మంటాను. ఖద్దరు వడికే ఊరు, వాళ్ల వీధి నిండా దూదే. ఎక్కడ కావాలంటే అక్కడ పడుకుంటుంది.”

కూర్మనాథం గారి మొహం పాలిపోయింది. “ఈ వేసవి అయ్యాక పంపిద్దామే.”

“రేపే!”

మర్నాడూ పలక వేలాడింది. రెండు గంటలప్పుడు త్రిపురసుందరి పెరట్లోకి వెళ్లి చూస్తే, నీలాంబరి నూతి గట్టు మీద కూర్చుని, కళ్లు ఇంతింత చేసుకుని తొండను చూస్తోంది. దాని మొహంలో నిద్ర ఛాయ కూడా లేదు. దొరికారు మాస్టారు అనుకుంటూ ఆమె పిల్లిని చంకనెత్తుకుని వీధివైపు నడిచింది.

వసారా గుమ్మంలో ఆయన మునివేళ్ల మీద నిలబడి ఉన్నారు.

“ష్... నీలాంబరి పడుకుంది.”

“మరి ఇదెవరండీ?”

ఆయన పిల్లిని చూశారు. చివరికి వసారాలోకి వేలు చూపించారు.

అక్కడ గోడ వారగా జగ్గమ్మ నిద్రపోతోంది. భావనపాడు నుంచి చేపల గంపతో వచ్చి, ఊరంతా తిరిగి అమ్ముకుని, తిరుగు రైలు దాకా ఆ వసారాలో కూర్చునే మనిషి. కూర్చుంటుందనే తప్ప నిద్రపోతుందని త్రిపురసుందరికి తెలియదు. ఆమె కాళ్ల మీద ఏదో తెల్లగా ఉండచుట్టి ఉంది. వంగి చూస్తే అది మాస్టారి పొందూరు కండువా!

“నిరుడు ప్లాట్‌ఫాం మీద కళ్లు తిరిగి పడిపోయింది,” అన్నారాయన గుసగుసగా. “తెల్లవారకముందే లేస్తుందిట. మా వసారాలో కాసేపు పడుకోవమ్మా అంటే, ‘నానేటి, మీ ఇంటికి తొంగోడానికొచ్చానేటి బాబూ?’ అని దెబ్బలాడింది. ఇంతలో చేపల వాసనకి ఈ పిల్లి పోయి ఆవిడ కాళ్ల మీద పడుకుంది. ‘కదిలావంటే ఊరుకోను, నా పిల్లి లేచిపోతుంది’ అని గదమాయించాను. కదలకుండా కూర్చుని కూర్చుని నిద్రపోయింది. అప్పట్నుంచీ రోజూ ఇంతే. ఇవాళ ఈ వెధవ మధ్యలో లేచి పోయింది. కాళ్ల మీద బరువు లేకపోతే మెలకువ వస్తుందేమోనని...”

త్రిపురసుందరికి నవ్వొచ్చింది.

జగ్గమ్మ కళ్లు తెరవకుండానే అడిగింది. “బాబూ, పిల్లి లెగిసిపోనాదేటి?”

“లేదు జగ్గమ్మా,” అంది త్రిపురసుందరి, చంకలో గింజుకుంటున్న పిల్లి నోరు నొక్కి. “మంచి నిద్రలో ఉంది. నువ్వు కదలకు.”

“నాను కదల్నమ్మా. తొంగోనీండి పాపం.”

గేటు దగ్గర మహతి వచ్చి నిలబడింది. త్రిపురసుందరి ఎదురెళ్లి పెదవుల మీద వేలు పెట్టింది. “నీలాంబరి పడుకుంది. స్టేషన్లో చివరి బెంచీ దగ్గరికి వెళ్లమ్మా. మాస్టారు అక్కడికొచ్చి పాఠం చెబుతారు. పరీక్ష దాకా రోజూ అక్కడే.”

మహతి ఆమె చంకలోని పిల్లిని చూసింది. పిల్లి మహతిని చూసి ఆవులించింది.

సాయంత్రం యమున వచ్చింది. విజయనగరంలో కొన్న చీరలు సంచిలోంచి తీసి అక్కకు చూపిస్తుండగా, ఖాళీ అయిన సంచిలో నీలాంబరి దూరి, రెండు చుట్లు తిరిగి, ముక్కు తోకలో దాచుకుని పడుకుంది.

“పని తేలికైపోయిందక్కా. ఇలాగే పట్టుకుపోతాను.”

“ఇప్పుడే కదటే పడుకుంది! లేపుతావా దాన్ని?” అంది త్రిపురసుందరి.

“తీసుకెళ్లమన్నది నువ్వే కదే!”

“అన్నాను. సంచి ఇక్కడే ఉంచి వెళ్లు. అది లేచాక పంపిస్తాను.”

లోపలి గదిలో కూర్మనాథం గారు కండువా నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకున్నారు.

యమున కొత్త చీరలన్నీ దుప్పట్లో చుట్టి, చంటిబిడ్డలా ఎత్తుకుని పొందూరు బస్సెక్కింది.