మార్తమ్మ గారు కుర్చీ వేయని రోజు

కర్పూరం వేసి కాచిన కొబ్బరి నూనె వాసన ఎక్కడ తగిలినా నా చేతిలో పని ఆగిపోతుంది. నిన్న పొద్దున రాజమండ్రిలో మా ఆఫీసు కిటికీలోంచి ఆ వాసన వచ్చింది. కింద వాటాలో ఎవరో మోకాళ్ళకు రాసుకుంటున్నారు కాబోలు. అప్పుడు నా ముందు కంప్యూటర్లో ఒక వీడియో ఉంది. నేల మీద చాప, చాప మీద కాళ్ళు వంకరపోయిన పదేళ్ళ పిల్లవాడు, పక్కన కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్న తల్లి, వెనకాల ఏడుపు సంగీతం. ‘ఈ తల్లి కష్టం పగవాడికి కూడా రాకూడదు’ అని శీర్షిక పెట్టి, తప్పులుంటే దిద్దమని నాకు పంపారు. ఎన్నిసార్లు చెప్పినా ఇదే తంతు. తన గురించి వీళ్ళు రాసిన ఆ వాక్యం చదివితే ఆ పిల్లవాడు ఏమనుకుంటాడు? చదవగలడో లేదో అయినా ఎవరూ కనుక్కోలేదు. ఒళ్ళు మండిపోయింది. అయినా నిజం చెప్పాలంటే, ఆ నూనె వాసన రాకపోతే నేనూ ఒక దీర్ఘం సరిచేసి పంపించేసేవాణ్ణేమో. మార్తమ్మ గారు గుర్తొచ్చారు కాబట్టి ఆగాను.

మార్తమ్మ గారిది రాజమండ్రి నుంచి కోరుకొండ వెళ్ళే దారిలో ఒక ఊరు. లూథరన్ చర్చి వెనక రెండు గదుల డాబా. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేవారు. భర్త జంగారెడ్డిగూడెం దగ్గర పామాయిల్ ఫ్యాక్టరీలో పని చేసేవారు. శనివారం బస్సుకు వచ్చి సోమవారం తెల్లారేసరికి వెళ్ళిపోయేవారు. ఒక్కతే కూతురు. ఆ అమ్మాయి పేరు ఇక్కడ రాయను, ఎందుకో చివర చెబుతాను. పుట్టినప్పుడు ఊపిరి అందకపోవడం వల్ల చేతులూ కాళ్ళూ నాలుకా ఆమె చెప్పినట్టు వినవు. బుర్ర మాత్రం చురుకైనది. ఈ చివరి ముక్క నాకు తెలిసేసరికే నేను చేయగలిగినంత చెడు చేసేశాను.

అప్పుడు నేను ఒక చిన్న లోకల్ ఛానల్లో రిపోర్టర్ని. ఇరవై ఆరేళ్ళు, మెడలో కార్డు, మాట్లాడితే లోకాన్ని ఉద్ధరిస్తున్నానన్న నమ్మకం. వికలాంగ పిల్లల తల్లుల మీద ఒక కథనం కావాలని పైనుంచి చెప్పారు. ఎవరో మార్తమ్మ గారి పేరు చెబితే ఫోన్ చేశాను. ఆవిడ ఒప్పుకున్నారు, ఫోన్లో భర్తా ఒప్పుకున్నారు. మర్నాడు పది గంటలకు నేనూ కెమెరామనూ ఆ ఇంటికి వెళ్ళాం.

మా వైపు ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే అదొక పండగ. వచ్చేది టీవీ వాళ్ళైనా సరే, వాళ్ళు చుట్టాలే. గుమ్మం కడిగి ముగ్గు వేసి ఉంది. చర్చిలోంచి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించి వరండాలో వేశారు. స్టీలు పళ్ళెంలో ఆత్రేయపురం పూతరేకులు. గదిలో ఆ అమ్మాయి ఆకుపచ్చ పట్టు లంగా వోణీలో, కనకాంబరాలు పెట్టుకుని, తన కుర్చీలో కూర్చుని ఉంది. ఆ కుర్చీ చర్చిలో పాతబడిన బల్లను విడదీసి, నడుముకు పట్టీ, తలకు ఆనుడూ పెట్టి, ఊరి వడ్రంగి చేసినది. చక్రాలు కూడా అమర్చాడు. ఒళ్ళో ఒక అట్ట, దాని మీద వరసలు వరసలుగా అక్షరాలు. వాళ్ళమ్మ వేలు పెట్టి వరసలు చూపిస్తూ పోతే, కావలసిన అక్షరం దగ్గర అమ్మాయి కళ్ళు పైకెత్తి ఇంటికప్పు వైపు చూస్తుంది. కెమెరా ఆడుతుండగానే, “ఏం చదువుతున్నావమ్మా?” అని అడిగాను. చాలాసేపటికి ‘పదో తరగతి. మీరు?’ అని వచ్చింది. కెమెరామన్ పకపకా నవ్వాడు.

నేను బయటికి వచ్చి ఆఫీసుకు ఫోన్ చేసి, ఇలా ఉందండీ ఇల్లు, అన్నాను. “పేరంటంలా ఉంటే ఎవడు చూస్తాడయ్యా? కష్టం కనపడాలి” అన్నాడు మా డెస్క్ ఇన్‌ఛార్జ్. లోపలికి వెళ్ళి, “అమ్మా, మామూలుగా ఇంట్లో ఎలా ఉంటారో అలా ఉండాలండి” అన్నాను.

“మామూలుగా ఇలాగే ఉంటామండి. పూలొక్కటే ఎక్కువ” అన్నారు మార్తమ్మ గారు.

అయినా పూలు తీయించాం. పట్టు లంగా మార్పించి వెలిసిపోయిన నైటీ వేయించాం. కుర్చీ మరీ దర్జాగా ఉందని పక్క గదిలోకి నెట్టించి, అమ్మాయిని చాప మీద పడుకోబెట్టించాం. అక్షరాల అట్ట బీరువా మీదికి పోయింది. నేను ఒక్కొక్కటీ అడగడం, ఆవిడ “సరేనండి” అనడం. ఆ చాప మీద అమ్మాయి కళ్ళు గట్టిగా మూసుకుంది. “కాస్త కళ్ళు తెరవమనండమ్మా” అన్నాను. మార్తమ్మ గారు కూతురి వైపు చూసి, నా వైపు చూసి, “అలిసిపోయిందండి” అన్నారు. నలభై నిమిషాలు తీశాం. అందులో ఆ కళ్ళు ఒక్కసారీ తెరుచుకోలేదు. తర్వాత వరండాలో కూర్చుని పూతరేకులు తిన్నాం. బాగున్నాయని మెచ్చుకున్నాం కూడా.

నాలుగు నిమిషాల కథనం వచ్చింది. ‘వెలుగు చూడడానికి కూడా ఓపిక లేని కళ్ళు... తనెవరో తనకే తెలియని అమాయకత్వం...’ అని నేనే రాసి, నా గొంతుతోనే చదివాను. అట్ట మీద అక్షరాలు చూపించిన ముక్క కోసేశాం, మూడ్ చెడుతుందని. వీడియో ఊరూరా తిరిగింది. ఆఫీసులో నా వీపు తట్టారు. నేను కాలర్ ఎగరేసుకు తిరిగాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు.

నెల తర్వాత రెండో భాగం తీసుకురమ్మన్నారు. ఈసారి ఫోన్ కూడా చేయకుండా, మనవాళ్ళే కదా అన్నట్టు వెళ్ళిపోయాం. మార్తమ్మ గారు మెడలో టేపుతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. వరండాలో గోడకు ఆనించి కుర్చీలున్నాయి. ఆవిడ వాటి వైపు చూడలేదు. మంచినీళ్ళు ఇవ్వలేదు. గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి ఇది ఎంత మాటో చెప్పక్కర్లేదు. పోట్లాటకు వచ్చినవాడికి కూడా ముందు కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, ఆ తర్వాత పోట్లాడతాం మేం. కెమెరామన్ భుజం మీది కెమెరా దించేశాడు.

“మళ్ళీ ఏంటండి?” అన్నారావిడ.

“చిన్న ఫాలో అప్ అండి. చాలామంది స్పందించారు...”

“స్పందించారండి. కార్లేసుకొచ్చి అరటిపళ్ళు చేతిలో పెట్టి ఫొటోలు తీసుకెళ్ళారు. చాప ఏదమ్మా అని అడిగాడు ఒకాయన, కుర్చీలో ఉంటే ఫొటో బాగోదంట. సరేనండి, ఒక్క మాట చెప్పండి. ఆ రోజు నన్నడిగారు, మా ఆయన్నడిగారు. దాన్నడిగారా?”

“అమ్మాయికి మాట రాదు కదండీ” అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి గదిలోకి కేకేశారు. “అమ్మా, వీళ్ళు లోపలికి రావచ్చా?” తలుపులోంచి అమ్మాయి కనిపిస్తూనే ఉంది, తన కుర్చీలో. నా వైపు సూటిగా చూసి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

“పైకి చూస్తే అవునని. మూసుకుంటే వద్దని. దాని పుట్టుక నుంచీ ఇదే భాష. ఆ రోజు మీరున్నంతసేపూ వద్దంటూనే ఉంది.” ఆవిడ మెడలోని టేపు తీసి చేతిలో పట్టుకున్నారు. “మీకు తెలీదండి, సరే. నాకు తెలుసు కదా. నాకు వినపడుతూనే ఉంది. ఇంటికొచ్చినవాళ్ళని ఎలా కాదంటాం, ఏమనుకుంటారో అని నోరు మూసుకున్నాను. అలిసిపోయిందని అబద్ధం కూడా చెప్పాను. మీకు మర్యాద చేయడం కోసం నా పిల్ల మాట నేనే తొక్కేశాను.”

అప్పుడు బడి సంగతి చెప్పారు. అమ్మాయి ఆ సంవత్సరం పదో తరగతి పరీక్షలు రాయాలి. అట్ట మీద ఆమె చూపించిన అక్షరాలను పక్కన కూర్చుని రాసేవాళ్ళు కావాలి. ఆ అనుమతికి దరఖాస్తు మీద హెడ్మాస్టరు సంతకం చేస్తానన్నవాడు, మా వీడియో చూశాక కాగితం పక్కన పెట్టేశాడు. ‘తనెవరో తనకే తెలీదని టీవీలో చెప్పారు కదమ్మా. రేపు ఎవరైనా అది చూపించి, ఈ పిల్ల పేరుతో మీరే రాయించారా అంటే నేనేం చెప్పను?’ అన్నాడట. మూడేళ్ళు ఆ బడి చుట్టూ తిరిగి కూతుర్ని చేర్పించిన మనిషి ఆవిడ. నేను నాలుగు నిమిషాల్లో దాన్ని చెడగొట్టి, మెచ్చుకోళ్ళు తీసుకున్నాను.

మర్నాడు ఒక్కణ్ణే ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను. ‘పదో తరగతి. మీరు?’ అన్న ముక్క అందులో భద్రంగా ఉంది. అది ఛానల్లో వేయిస్తాను, హెడ్మాస్టరుకు చూపిస్తాను, అంతా సర్దుకుంటుందన్నాను. మార్తమ్మ గారు నన్ను వరండా దాకా రానిచ్చి, “నన్ను కాదు, దాన్నడుగు” అన్నారు. అండీలు పోయాయి. మన్నించడానికి అది మొదటి మెట్టని నాకు తర్వాత అర్థమైంది. అడిగాను. అమ్మాయి కళ్ళు మూసుకుంది.

నాకు విసుగొచ్చింది. “మంచి కోసమే కదమ్మా, దీనికి కూడా వద్దంటే ఎలా?” అన్నాను.

“మంచిదైతే అడగక్కర్లేదా?” అన్నారు మార్తమ్మ గారు. “అడిగి, అది అవునంటే తీసుకుంటాను, వద్దంటే నసుగుతాను అంటే దాన్ని అడగడం అంటారా బాబూ?”

ఈలోగా అమ్మాయి అట్ట వైపు చూసింది. వాళ్ళమ్మ వేలు వరసల మీద నడిచింది. పది నిమిషాలకు వచ్చిన వాక్యం: ‘హెడ్మాస్టరు సార్ నన్ను అడగాలి.’

అలా ముగ్గురం బడికి వెళ్ళాం. ఆవిడ కుర్చీ నెడుతుంటే నేను అట్ట పట్టుకుని పక్కన నడిచాను. హెడ్మాస్టరు నాతో మాట్లాడాడు, ఆవిడతో మాట్లాడాడు. “దాన్నడగండి సార్” అన్నారావిడ, ఒకసారి కాదు, నాలుగుసార్లు. చివరికి విసుక్కుంటూ, “నీ పేరేంటమ్మా?” అన్నాడు. అమ్మాయి కళ్ళు మూసుకుంది. చూశారా అన్నట్టు ఆయన నా వైపు చూశాడు. మార్తమ్మ గారు మాత్రం చెక్కు చెదరలేదు. “ఎనిమిదో తరగతి నుంచి మీ బళ్ళోనే ఉంది సార్. పేరు మీకు తెలుసు. తెలీకపోతే అడిగే ప్రశ్న అడగండి.” ఆయన ఈసారి అమ్మాయి కళ్ళలోకి చూస్తూ, “పరీక్ష రాయాలని నీకుందా, మీ అమ్మకుందా?” అన్నాడు. నేను అట్ట పట్టుకున్నాను, వాళ్ళమ్మ వేలు వరసల మీద నడిచింది. ‘నాకు. అమ్మకి లెక్కలు రావు.’ మార్తమ్మ గారు నవ్వి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. హెడ్మాస్టరు కలం తీశాడు.

అయితే గడువు అప్పటికే దాటిపోయింది. ఆ ఏడాది పోయింది. మరుసటి ఏడు రాసి పాసయ్యింది. పాసయ్యిందిగా అని నాకు సర్దిచెప్పబోయినవాళ్ళున్నారు. తోటి పిల్లలంతా పై చదువుకు పోతుంటే ఒక ఏడాది అదే గదిలో కూర్చున్న పిల్లకు ఆ సర్దుబాటు చెప్పమనండి చూద్దాం.

తర్వాత తీరిక దొరికినప్పుడల్లా ఆ ఇంటికి వెళుతూ ఉండేవాణ్ణి. ఆవిడ కర్పూరం నూనె గోరువెచ్చగా చేసి కూతురి కాళ్ళకు మర్దన చేస్తుంటే, పక్కన కూర్చుని గిన్నె పట్టుకునేవాణ్ణి. ఆ పని చేసేటప్పుడు కూడా, ముందు ఎడమ కాలా కుడి కాలా అని అడిగేవారు. పదహారేళ్ళుగా రోజూ చేస్తున్న పనికి రోజూ అడిగేవారు. నాకు కాఫీ మాత్రం అడక్కుండా ఇచ్చేవారు.

పోయిన వానాకాలంలో మార్తమ్మ గారు గుండెపోటుతో పోయారు. సమాధి దగ్గర నుంచి ఇంటికి వచ్చేసరికి గేటు దగ్గర మైకు పట్టుకుని ఒకమ్మాయి, వెనక కెమెరా. ‘తల్లి పోయింది, ఇక ఈ బిడ్డకు దిక్కెవరు’ అనే కథనం కోసం. నేను పళ్ళు పటపటా కొరికాను. ఈలోగా మార్తమ్మ గారి భర్త, కళ్ళు తుడుచుకుంటూనే, పాత అలవాటు కొద్దీ, “రండమ్మా, కూర్చోండి” అంటూ గోడ దగ్గర కుర్చీ ఎత్తారు. నేను నోరు తెరిచేలోపే ఆయన ఆగి కూతురి వైపు చూశారు. ఆమె కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఏడుపుతో కాదు, ఆ గట్టిదనం మా ఇద్దరికీ తెలుసు. ఆయన ఎత్తిన కుర్చీని మళ్ళీ గోడకు ఆనించేశారు. “వద్దంటోందమ్మా” అన్నారు.

నిన్న ఆ వీడియో పంపిన రిపోర్టర్‌కు ఫోన్ చేశాను. “ఆ పిల్లవాణ్ణి అడిగావా?” అన్నాను. “వాడికి మాట రాదు సార్” అన్నాడు. “మళ్ళీ వెళ్ళు. కెమెరా ఆఫీసులో పెట్టి వెళ్ళు. వాడు అవునని ఎలా చెబుతాడో, వద్దని ఎలా చెబుతాడో కనుక్కుని రా” అన్నాను. ఈయనకేదో పిచ్చి అనుకుని ఉంటాడు. అనుకోనీ.

ఇది రాశాక, మార్తమ్మ గారి అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళి మొత్తం చదివి వినిపించాను. అచ్చు వేయించవచ్చా అని అడిగాను. అట్ట వైపు చూసింది. ఈసారి వరసల మీద నడిచిన వేలు నాది. ‘అమ్మ పేరు వేయండి. నా పేరు వద్దు’ అంది. తర్వాత ఒక్కో పేరా విడివిడిగా మళ్ళీ చదవమంది. చదివాను. అన్నిటికీ కళ్ళు ఇంటికప్పు వైపు ఎత్తింది, ఒక్కదానికి తప్ప. అన్నిటికంటే బాగా కుదిరిందని నేను మురిసిపోయిన పేరా అది. అక్కడ కళ్ళు మూసుకుంది. నసగలేదు, తీసేశాను. అందులో ఏముందో మీకు చెప్పను.