బోల్టుకు మరలు గీసిన రోజులు

వనపర్తిలో మా డిజైన్ ఆఫీసంటే రెండు గదులు, ముగ్గురు మనుషులు: ఆఫీసు పెట్టిన మేడం, గద్వాల నుంచి రోజూ బస్సులో వచ్చే, నేను తమ్ముడని పిలిచే కుర్రాడు, నేను. కల్వకుర్తి దగ్గర కట్టబోయే పల్లీల మిల్లు మొత్తాన్ని కంప్యూటర్‌లో మోడల్‌గా నిలబెట్టే పని మాకు వచ్చింది. అంత పెద్ద పని మాకు అదే మొదటిది. నేనైతే ఒళ్లు మరిచిపోయి గీశాను. ప్రతి బోల్టుకూ మరలు, అంటే నట్టు బిగిసే మెలికల గాట్లు, గీశాను. మోటారు మీద కంపెనీ పేరుండే రేకుముక్కలో అక్షరాలు కూడా ఉబ్బెత్తుగా తీర్చాను. నా అంత నాణ్యంగా గీసేవాళ్లు ఈ మూడు జిల్లాల్లో లేరని నా నమ్మకం. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మిల్లు సేటు చూడటానికి వచ్చిన రోజు ఆ మోడల్ ఒక పట్టాన తెరుచుకోలేదు. చాయ్ అయింది, రెండో చాయ్ కూడా అయింది. చివరికి తెరుచుకున్నాక పక్కకు తిప్పబోతే బిగుసుకుపోయింది. సేటు లేచి చెప్పులు వేసుకున్నాడు.

"శుక్రారం మల్లొస్త బిడ్డా. అప్పుడు గూడ గిట్లనే ఉంటె పని హైదరాబాదోళ్లకు ఇచ్చుకుంట."

నేను కంప్యూటర్లను తిట్టాను. తమ్ముడు మోడల్‌లో ఏ భాగం కంప్యూటర్‌కు ఎంత బరువవుతోందో చూపే జాబితా తెరిచి నా ముందు పెట్టాడు. పైనున్నవన్నీ నేను గీసినవే.

"మిల్లు మొత్తం చూసేటోళ్లకు బోల్టు మరలు కనవడ్తయా అక్కా?" అన్నాడు.

ఆ పూట వాడి మీద అలిగి తొందరగా ఇంటికెళ్లిపోయాను. మర్నాడు నేనే కూర్చుని మరలు చెరిపాను, అక్షరాలు చెరిపాను. చెరుపుతుంటే నిజంగానే ఏడుపొచ్చింది. ఎక్కడికక్కడ కొత్తగా గీసిన బోల్టులు తీసేసి, ఒకే బోల్టు ఫైలు పెట్టి అన్నిచోట్లా దాన్నే వాడాం. మిల్లును మూడు భాగాలు చేశాం. పల్లీలు జల్లించేది నాకు, పొట్టు తీసేది తమ్ముడికి, బస్తాలు నింపేది మేడంకు. ఎవరి భాగం వాళ్లకు లోపలి సామానుతో సహా కనిపిస్తుంది, మిగతావాళ్లది పైరూపం మాత్రమే.

శుక్రవారం సేటు కుర్చీలో సర్దుకునేలోపే మిల్లు తెర మీద నిలబడింది. "జర నాకియ్యి," అని మౌసు తీసుకుని ఆయనే తిప్పాడు. చుట్టూ ఒకసారి తిప్పి, బస్తాలు బయటికొచ్చే చోట ఆగాడు.

"ఈ పిల్లరేంది? లారీ ఎన్కకు ఎట్ల వస్తది?"

నెలల తరబడి ఆ పిల్లరు అక్కడే అడ్డంగా ఉంది. మోడల్‌ను తిప్పి చూడటం ఎవరివల్లా కాలేదు కాబట్టి అది ఎవరికీ కనబడలేదు. మేడం ఆయన ముందే పిల్లరును పక్కకు జరిపింది. మోడల్ ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"గిప్పుడు నా మిల్లు నా కండ్లవడ్తున్నది. పని మీరే చెయ్యుండ్రి," అన్నాడు సేటు. మరలు గీసినన్నాళ్లూ అంత గర్వం నాకు కలగలేదు. తమ్ముడి వీపు మీద గట్టిగా ఒకటి చరిచాను.

మొన్న సీజన్లో మిల్లుకు వెళ్లాను. లారీ ఆ పిల్లరు పక్కనుంచి నేరుగా వెనక్కి వచ్చి ఆగింది. అక్కడ పనిచేస్తున్న మెకానిక్‌ను అడిగి ఒక బోల్టు చేతిలోకి తీసుకున్నాను. నేను గీయకపోయినా మరలన్నీ ఉన్నాయి.